డాబా చల్లబడాలంటే ఏం చేయాలి: సున్నమా, షీటా, పందిరా, పచ్చని కప్పా?

విజయవాడలో పై అంతస్తు ఇల్లు అద్దెకు చూడాలంటే రాత్రి ఎనిమిదింటికి వెళ్లండి. పొద్దున పదింటికి ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం శ్లాబు మీద పడిన ఎండ అయిదంగుళాల కాంక్రీటు దాటి కింద సీలింగ్‌కి చేరడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. అందుకే బయట కృష్ణ మీద నుంచి కాస్త గాలి తిరిగే వేళకి లోపల ఫ్యాను వేడిగాలి కొట్టడం మొదలుపెడుతుంది. స్టూలెక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి, ఆ గదిలో మే నెల ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, రోజూ సాగి ముడుచుకునే శ్లాబుకు మాత్రం నిజంగానే పగుళ్లొస్తాయి.

దీనికి మందేమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. తాపీ మేస్త్రీ సున్నం కొట్టించమంటాడు. పెయింట్ల షాపాయన కూల్ రూఫ్ కోటింగ్, అంటే ఎండని తిప్పికొట్టే తెల్ల పూత చూపిస్తాడు. ఏసీ మెకానిక్ అరటన్ను ఎక్కువది పెట్టించుకోమంటాడు. ఫోన్లో వీడియోలు చూసిన మేనల్లుడు "డాబా అంతా మట్టి పోసి పచ్చిక పెంచేద్దాం మావయ్యా, ఏసీయే అక్కర్లేదు" అంటాడు. ఈ మేనల్లుడి సలహాతో మొదలుపెడదాం. మిగతావాటికంటే దీని మీదే ఆశలెక్కువ, అపోహలూ ఎక్కువే.

పచ్చని కప్పు అసలు చేసే పని

కుండీలు పెట్టుకునే మిద్దె తోట వేరు, పచ్చని కప్పు వేరు. పచ్చని కప్పులో శ్లాబు మీద ముందు వాటర్ ప్రూఫింగ్, దాని మీద వేళ్లు దిగకుండా ఒక పొర, నీళ్లు పారిపోవడానికి ఒక పొర, మట్టి జారిపోకుండా ఒక గుడ్డ, ఆపైన మట్టి, మట్టిలో మొక్కలు. జర్మనీలో ఈ పద్ధతి బాగా నలిగింది. కెనడాలోని టొరంటో నగరం 2009లో పెద్ద కొత్త భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. అక్కడ మన దగ్గరంత ఎండలు ఉండవు, వాన నీటిని కాసేపు పట్టి ఉంచడం వాళ్లకు అసలు లాభం. అక్కడ బాగా పెరిగే సీడమ్ అనే దళసరి ఆకుల మొక్కల్ని తెచ్చి బెజవాడ మే నెలలో డాబా మీద నాటితే ఎన్నాళ్లు బతుకుతాయో చెప్పక్కర్లేదు.

పచ్చని కప్పు అంటే వేడిని ఆపే మంచి ఇన్సులేషన్ అని అందరూ అనుకుంటారు. అంకెలు చూస్తే అంత కాదు. కప్పు ఎంత వేడిని దాటనిస్తుందో చెప్పడానికి యూ విలువ అనే లెక్క ఉంది. పైకీ కిందకీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందన్నది ఆ అంకె. తక్కువుంటే మంచిది. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి, కప్పుకి ఇది 1.2 దాటకూడదంటుంది. మామూలు ఆరంగుళాల కాంక్రీటు శ్లాబు లెక్క వేస్తే 3 పైనే వస్తుంది. దాని మీద నాలుగంగుళాల తడి మట్టి పోస్తే రెండున్నర దగ్గరకు దిగుతుంది, అంతే. తడి మట్టి వేడిని ఆపడంలో కాంక్రీటు కంటే మరీ గొప్పదేం కాదు. అదే శ్లాబు మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీటు, అంటే గట్టి ఫోమ్ పలక పరిస్తే అర దగ్గరకు వచ్చేస్తుంది.

మరి పచ్చని కప్పు కింద ఇల్లు చల్లగా ఉంటుందన్న మాట అబద్ధమా? కాదు. అది చలువ ఇచ్చే దారి వేరు. ఇన్సులేషన్ షీటు దుప్పటిలా అడ్డుపడితే, పచ్చని కప్పు ఒంటికి చెమట పట్టినట్టు పని చేస్తుంది. ఆకులు నీడనిస్తాయి. మట్టిలోంచీ ఆకుల్లోంచీ నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 0.67 యూనిట్ల వేడి కావాలి. గంటకు ఎనిమిది లీటర్లు ఆవిరైతే ఒకటిన్నర టన్నుల ఏసీ గంటలో తోడేసేంత వేడి పోతుంది. అయితే ఆ వేడి పోయేది కప్పు పైనుంచి, గదిలోంచి కాదు. కాబట్టి గదిలో ఏసీ అంత చలువ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. శ్లాబు మాత్రం పొయ్యి మీద పెనంలా కాలదు.

చిక్కంతా ఆ నీటి దగ్గరే. మన ఎండల్లో మొక్కలున్న నేల నుంచి రోజుకు అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. మిల్లీమీటరంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వంద గజాల డాబా మొత్తం పచ్చగా ఉండాలంటే రోజుకు నాలుగు నుంచి ఆరు వందల లీటర్లు పోయాలన్నమాట. ఎక్కడ నుంచి తెస్తారు? బోరు అడుగంటి, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే వీధిలో ఉంటే ఈ ఆలోచన ఇక్కడే ఆపేయండి. నీళ్లు ఆపితే మొక్కలు ఎండుతాయి, చెమట పట్టడం ఆగుతుంది, పైన మిగిలేది ఎండిన మట్టి పొర. అది కూడా కొంత మేలే, కానీ అంత ఖర్చుకి ఆ మేలు చాలదు. మీ వీధిలో ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎలా ఉంటుందో పక్కింటివాళ్లని అడిగి, ఆ తర్వాతే కాంట్రాక్టరుకి ఫోన్ చేయండి. ఉక్కపోత ఎక్కువున్న రోజుల్లో, అంటే తుపాను ముందూ, జూన్‌లో వాన పడీ పడనట్టున్నప్పుడూ, గాలిలో తేమ నిండి ఆవిరి తగ్గుతుంది. సరిగ్గా మనకి ఊపిరాడని రోజునే దాని పని మందగిస్తుంది.

ఇక బరువు. జనం ఎక్కి తిరిగే కప్పుకి మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కవేసి కడతారు. ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర సంస్థ బీఐఎస్ కోడ్‌లో ఉన్న అంకె అది. నాలుగంగుళాల తడి మట్టే 160 నుంచి 200 కిలోలు తూగుతుంది. అంటే మనుషులూ నీళ్ల ట్యాంకూ లెక్కలోకి రాకముందే హద్దు దాటిపోయింది. దీనికి వాన కలపండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు కురిసిన వానలు గుర్తుండే ఉంటాయి. అలాంటి రోజు ఆకులడ్డుపడి వాన గొట్టం మూసుకుపోయి నాలుగంగుళాల నీళ్లు నిలిచినా చదరపు మీటరుకు ఇంకో వంద కిలోలు. "ఏం కాదండీ, నేను చూసుకుంటాను కదా" అనే మేస్త్రీ మాట ఇక్కడ పనికిరాదు. స్ట్రక్చరల్ ఇంజినీరు ఇంటికొచ్చి, ప్లాను చూసి, కాగితం మీద రాసివ్వాలి. ఇరవై ముప్పై ఏళ్ల నాటి శ్లాబయితే, అందులోనూ సీలింగ్ పెచ్చులూడి ఇనుప ఊచ కనబడుతుంటే, ఇంజినీరు దాకా కూడా వెళ్లక్కర్లేదు. ఆ డాబాకి పచ్చని కప్పు వద్దు. గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో చెక్క దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ ఇల్లయితే అసలే వద్దు. ఆ కప్పు కాంక్రీటంత తొందరగా కాగదు, దాన్ని అలా ఉండనివ్వడమే మేలు.

వేళ్ల సంగతి కూడా చెప్పాలి. మనం నాటినవాటితో భయం లేదు, కాకులు నాటినవాటితోనే. పిట్టగోడ మూలలో పగులు కనబడితే చాలు, రావి మొక్క తలెత్తుతుంది. చిన్నప్పుడే పీకేయాలి, కానీ రావి మొక్క పీకడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాదు. "పూజారి గారిని అడిగి చూద్దాం" అని వాయిదా వేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి వేరు వాటర్ ప్రూఫింగ్ కిందకు దిగి ఉంటుంది. మామూలు డాబా మీదయితే కనీసం కంటికి కనబడుతుంది, మట్టి కప్పేసిన డాబాలో పడకగది సీలింగ్ మీద మరక వచ్చేదాకా తెలియదు.

తెల్లగా ఉంచడం

పచ్చని కప్పు గురించి ఇంత చెప్పాక సున్నం గురించి చెప్పడానికి కాస్త సిగ్గేస్తుంది, అంత తేలిక. పాతబడి నల్లబారిన సిమెంటు డాబా తన మీద పడిన ఎండలో మూడింట రెండు వంతుల దాకా పీల్చుకుంటుంది. కొత్తగా కొట్టిన సున్నం అంతకంత తిప్పికొడుతుంది. మే నెల మధ్యాహ్నం ఈ రెండు ఉపరితలాల మధ్య పదిహేను, ఇరవై డిగ్రీల తేడా మామూలే. నమ్మకం లేకపోతే రెండింటికి చెప్పుల్లేకుండా ఒక అడుగు సిమెంటు మీద, ఒక అడుగు తెల్ల టైలు మీద పెట్టి చూడండి, కానీ ఎక్కువసేపు పెట్టకండి. గది లోపల రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తగ్గుతుంది. శ్లాబు ఒక్కటే ఎండ తగిలే ఇంట్లో ఎక్కువ, పడమటి గోడ కూడా కాలే ఇంట్లో తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది.

తెలుపుకి మన ఊళ్లో నష్టం లేదు. చలిదేశాల్లో తెల్ల కప్పు వల్ల చలికాలంలో హీటరు ఖర్చు పెరుగుతుంది. మనకి సంక్రాంతికి స్వెట్టరు వేసుకోవడమే ఒక ముచ్చట.

రకాల మధ్య తేడా మన్నికలోనే ఉంది. సున్నం అన్నిటికన్నా చవక. జిగురు కలిపి రెండు మూడు పూతలు వేస్తే ఆ వేసవి గట్టెక్కుతుంది, వానలకు సగం కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ వేయాలి. కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది గానీ దుమ్ము పడితే దాని గొప్ప కూడా తగ్గుతుంది. లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లయితే ఫిబ్రవరిలో ఒకసారి చీపురూ నీళ్లతో కడగాలి. తెల్ల టైలు ముక్కలు పరిచే చైనా మొజాయిక్, తెల్ల కూల్ టైల్స్ ఖరీదెక్కువ, బరువూ కొంత పెరుగుతుంది, కానీ చాలా ఏళ్లు చూసుకోనక్కర్లేదు. పైగా మన డాబాకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది కదా. వడియాలు, ఒరుగులు, ఆవకాయకి మిరపకాయలు ఎండేది అక్కడే, అదీ సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే. తెల్ల టైళ్ల మీద అవన్నీ శుభ్రంగా ఎండుతాయి. డాబా అంతా పచ్చిక వేసి వడియాలెక్కడ పెడతారో మేనల్లుణ్ని అడగండి.

షాపులో వెండి రంగు కోటింగ్ అంటగడితే తీసుకోకండి. అది ఎండని తిప్పికొడుతుంది గానీ తనలో చేరిన వేడిని రాత్రి ఆకాశంలోకి సరిగా వదలదు. తెలుపు రెండూ చేస్తుంది.

ఏసీ ఉన్నవాళ్ల లెక్క వేరు

ఇన్సులేషన్ ఎవరికి అన్న ప్రశ్నకు జవాబు మీ కరెంటు బిల్లులో ఉంది. పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇల్లయితే శ్లాబు మీద ఎక్స్‌పీఎస్ షీటు పరిచి, దాని మీద సిమెంటు పొర, ఆపైన తెల్ల టైలు వేయించుకోండి. అంగుళం మందం వేసినా యూ విలువ 1 కిందకి దిగుతుంది, సంహిత చెప్పిన 1.2 హద్దు లోపలే తేలిగ్గా ఉంటారు. బరువు కూడా నామమాత్రం. పచ్చని కప్పు, ఇన్సులేషన్ రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే, ఏసీ ఇంటికి నేను ఇన్సులేషనే చెబుతాను. దానికి నీళ్లు పోయక్కర్లేదు.

ఏసీ లేకుండా ఫ్యాను మీద బతికే ఇల్లయితే మందపాటి ఇన్సులేషన్ అంత పనికిరాదు. పగలు వేడిని రానివ్వదు, నిజమే. కానీ కిటికీల్లోంచి, గోడల్లోంచి, వంటింట్లోంచి చేరిన వేడి రాత్రి శ్లాబు గుండా పైకి పోవడానికి కూడా అదే అడ్డు. తెల్ల శ్లాబు పగలు తక్కువ కాగుతుంది, రాత్రి త్వరగా చల్లారుతుంది. ఫ్యాను ఇంటికి అది సరిపోతుంది.

ఫాల్స్ సీలింగ్ గురించి తరచూ అడుగుతారు. అది సీలింగ్ సెగ నేరుగా మంచం మీద పడకుండా ఆపుతుంది, ఆ మేరకు సుఖమే. శ్లాబు మాత్రం పైన ఎప్పటిలాగే కాలుతూ, పగులుతూ ఉంటుంది. వాన నీరు కారినా కనబడదు. పైన ఖాళీలో థర్మకోల్ ముక్కలు నింపమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. థర్మకోల్ త్వరగా అంటుకుంటుంది, వైర్లు కూడా ఆ ఖాళీలోంచే వెళతాయి. వద్దు.

నీడ

ఒక పరీక్ష మీ ఇంట్లోనే చేయొచ్చు. నీళ్ల ట్యాంకు దిమ్మ కింద గానీ మెట్ల గది కింద గానీ ఉన్న గదిలో రాత్రి తొమ్మిదింటికి నిలబడి, తర్వాత పక్క గదిలోకి రండి. జ్వరం చూసే గన్ను ఉంటే రెండు సీలింగ్‌ల మీదా పెట్టి చూడండి, ఆ రకాలు కొన్ని గోడలకీ పనికొస్తాయి. ఎండ పడని శ్లాబుకీ పడిన శ్లాబుకీ ఉన్న తేడా చూశాక ఇక ఏ సేల్స్‌మనూ మిమ్మల్ని కంగారు పెట్టలేడు.

అందుకే మన ఊళ్లలో డాబాల మీద ఇన్ని రేకుల షెడ్లు లేచాయి. చుట్టూ తెరిచి ఉంచి, ఏడెనిమిది అడుగుల ఎత్తున వేస్తే షెడ్డు బాగా పని చేస్తుంది, వానకీ కాపాడుతుంది. పక్కలు మూసేసి గది చేస్తేనే అది పొయ్యి అవుతుంది. కార్పొరేషన్ అనుమతి, అపార్టుమెంటయితే అసోసియేషన్ ఒప్పుదల ముందే తీసుకోకపోతే తర్వాత టెన్షన్. గాలివానకు బిగింపు కూడా ముఖ్యం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మనకీ బాపట్లకీ ఎంత దూరమని?

సోలార్ పలకలు కూడా నీడే, డబ్బు తిరిగొచ్చే నీడ. కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు పడుతుంది. పీఎం సూర్య ఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. పలకలకీ శ్లాబుకీ మధ్య గాలి ఆడాలి, లేకపోతే పలకలూ వేడెక్కి కరెంటు తగ్గుతుంది. సొంత ఇల్లుండి, బిల్లు బాగా వచ్చేవాళ్లు పలకల స్థలం ముందు తేల్చుకుని, మిగిలిన డాబాకి సున్నం గురించి ఆలోచించడం మంచిది.

మొక్కలే కావాలనుకునేవాళ్లకి నా ఓటు పందిరికి. పచ్చని కప్పు ఇచ్చే మేలులో పెద్ద వాటా ఆకుల నీడదే, దానికోసం డాబా అంతా మట్టి మోయక్కర్లేదు. జీఐ పైపులతో ఏడడుగుల పందిరి, నాలుగు మూలలా నాలుగు సగం డ్రమ్ములు, తీగలు పైకి. రెండు వందల లీటర్ల డ్రమ్ములో సగం మట్టి నింపి తడిపితే 150 కిలోలు దాటుతుంది, కాబట్టి అది పిల్లరు మీదో, బీము పైనో, కింద గోడ ఉన్నచోటో ఉండాలి. గది నడిమధ్య మాత్రం పెట్టకండి. కోకోపీట్, వర్మీ కంపోస్టు ఎక్కువ కలిపితే బరువు బాగా తగ్గుతుంది.

ఏ తీగ అన్నదీ చూసుకోవాలి. చిక్కుడు పందిరి కార్తికంలో ఎంత నిండుగా ఉన్నా మే నెలకు ఎండిపోయి ఉంటుంది, నీడకి పనికిరాదు. దొండ కొమ్మ ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటుంది, ఎండకు జంకదు. తీగబచ్చలి కూడా అంతే. బీర, సొర, పొట్ల జనవరిలో విత్తనం పెడితే ఎండలు ముదిరేలోపు పందిరెక్కుతాయి. తీగ అల్లుకునేదాకా యాభై శాతం షేడ్ నెట్ కట్టండి, అక్టోబరులో తుపాన్లు మొదలయ్యే ముందు విప్పేయండి. పందిరికి నీళ్లు డ్రమ్ముల్లోనే పోస్తాం కాబట్టి డాబా అంతా తడపడం కంటే చాలా తక్కువలో పోతుంది. డ్రమ్ముల కింద పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వకండి, దోమలు చేరతాయి.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉంటే సున్నం, అది కూడా ఓనరు గారితో మాట్లాడి. ఖర్చు చెరిసగం అంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు, డాబా వాళ్లదే కదా. అపార్టుమెంటు పై ఫ్లోరువాళ్లు అసోసియేషన్ మీటింగులో "మాకు వేడిగా ఉంది" అని అడిగితే కిందివాళ్లకి పట్టదు. "శ్లాబు పగిలి నీళ్లు కారుతున్నాయి, వాటర్ ప్రూఫింగ్‌తో పాటు తెల్ల కోటింగ్ వేయిద్దాం" అనండి, రిపేరు లెక్కలోకి వస్తుంది. సొంత ఇల్లు, ఫ్యాను బతుకు అయితే తెల్ల టైలు, ఓపికుంటే పడకగది పైన ఒక పందిరి. సొంత ఇల్లు, ఏసీ ఎక్కువైతే ఎక్స్‌పీఎస్ మీద తెల్ల టైలు, దక్షిణం వైపు సోలార్.

పచ్చని కప్పు కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లది. పునాదిలోనే చెబితే ఇంజినీరు ఆ బరువుకి శ్లాబు లెక్క వేస్తాడు. మట్టి కింద ఇన్సులేషన్ షీటు కూడా వేయిస్తే అడ్డుపడేదీ, చెమట పట్టేదీ రెండూ దొరుకుతాయి. బట్టలుతికిన నీళ్లు వడగట్టి పైకి తోడే ఏర్పాటు కూడా అప్పుడే పైపుల్లో కలిపేయొచ్చు. గడ్డి కంటే గంగవాయిలి, నాచుపూలు, కలబంద లాంటి నీళ్లు దాచుకునే మొక్కలు తక్కువ నీటితో నిలబడతాయి. చలువ మాత్రం నీళ్లు తాగే మొక్కలంత ఇవ్వవు. రెండూ కావాలంటే పడకగది పైన తోటకూర, బచ్చలి మళ్లు, మిగతాచోట ఇవి.

ఏది ఎంచుకున్నా ముందు డాబాకి నీళ్లు కట్టి చూడాలి. వాన గొట్టాల మూతులు గోనెగుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి, కింద ప్రతి గదిలోనూ సీలింగ్ చూడండి. చెమ్మ కనబడితే ఆ సంగతి తేలేదాకా పైన ఏదీ వేయించొద్దు. ఈ పని ఫిబ్రవరిలో పెట్టుకోండి. మార్చి దాటితే మేస్త్రీలు దొరకరు, దొరికినా మధ్యాహ్నం డాబా ఎక్కరు.